ఆవిడ స్టార్టప్ ఫైలులో నేను పెట్టిన చెయ్యి

మొన్న భవానీపురంలో ఇంట్లో కూర్చుని నా కంప్యూటర్‌లో ఒక చిన్న యాడ్-ఆన్, అంటే అదనపు ప్రోగ్రాము, వేసుకున్నాను. నేను రాసుకునే ఎడిటర్‌లో తెలుగు తప్పులు పట్టి చూపిస్తుందట. తప్పులు చూపించలేదు సరికదా, నేను పదిహేనేళ్లుగా కూడబెట్టుకున్న కీల అమరికంతా మార్చేసింది. తెర రంగు మార్చింది. ఎడిటర్ తెరవగానే తన పేరూ తన గొప్పలూ చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఒళ్లు మండి తీసేశాను. పోతూ పోతూ నా స్టార్టప్ ఫైలులో నాలుగు లైన్లు వదిలి పోయింది. ఇప్పుడు ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ, తీసేసిన ప్రోగ్రాము కోసం ఆ లైన్లు వెతికి ఎర్రక్షరాలతో ఏడుస్తున్నాయి.

"ఎవర్నండీ పొద్దున్నే ఆ తిట్లు?" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఊరూ పేరూ తెలియని ఒక వెధవని" అన్నాను.

అది అబద్ధం. ఇలాంటి పని ఈ జిల్లాలో మొట్టమొదట చేసిన వెధవ ఊరూ పేరూ నాకు బాగా తెలుసు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. సిస్టమ్స్ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న అబ్బాయిలూ అమ్మాయిలూ చదివితే సంతోషం. చదివి నన్ను తిట్టుకుంటే ఇంకా సంతోషం.

నా ఉద్యోగం

విజయవాడలో లెక్కల పుస్తకాలను కంప్యూటర్ మీద కంపోజ్ చేయించిన మొదటివాణ్ణి నేనే. ఇలా రాసుకోవడం బాగుంది. నిజానికి నాకంటే ముందు ఇద్దరున్నారు. అందులో ఒకాయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఆయనకిప్పుడు కళ్లు కనిపించవు గనక ధైర్యంగా రాశాను.

తొంభైల మధ్యలో గాంధీనగర్‌లో ఒక కంపోజింగ్ సంస్థలో కంప్యూటర్లు చూసుకునే పనికి చేరాను. జూనియర్ కాలేజీలకు గైడ్లు, ప్రశ్నల పుస్తకాలు తయారుచేసే చోటు. యజమాని రామ్మోహనరావుగారు. కంకిపాడు దగ్గర మాగాణి రైతు కుటుంబం. పొలం తమ్ముడికి వదిలేసి ప్రెస్సు పెట్టారు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే కంప్యూటర్ని కూడా నూర్పిడి మిషన్‌లాగే చూసేవారు. ఇటు వేస్తే అటు రావాలి. రాకపోతే, వేసేవాడిదే తప్పు.

మా పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లెక్కల పేజీ కంపోజ్ చేయాలంటే, ఎడిటర్ అనే ప్రోగ్రాములో మామూలు అక్షరాలతోనే ఆదేశాలు టైపు చేస్తాం. వాటిని ఇంకో ప్రోగ్రాము చదివి భిన్నాలూ వర్గమూలాలూ ఉన్న పేజీగా మారుస్తుంది. ఒక్కో ఆదేశం బారెడు ఉంటుంది. రోజుకి వెయ్యిసార్లు అంత పొడుగు ఎవరు కొడతారు? అందుకని ఏ కీ నొక్కితే ఏ ఆదేశం పడాలో ముందే ఒక ఫైలులో రాసి పెట్టుకోవచ్చు. ఎడిటర్ తెరుచుకోగానే మొదట ఆ ఫైలు చదువుతుంది. అదే స్టార్టప్ ఫైలు. ఎవరి లాగిన్‌కి వారి ఫైలు ఉంటుంది. అది వాళ్ల సొంతం.

సొంతం అన్న మాట నాకు అప్పట్లో తెలియదు. ఆ డిస్కూ నాదే, దాని మీద ఉన్న ఫైళ్లన్నీ నావే అనుకునేవాణ్ణి. అందరి ఫైళ్లూ తెరిచే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు చేతిలో ఉన్న ప్రతివాడికీ మొదట పట్టే జబ్బు ఇదే.

కోటేశ్వరమ్మగారి కేసు

కేసంటే కోర్టుది కాదు. సీసపు అక్షరాలు పెట్టుకునే గళ్ల పెట్టె. కంప్యూటర్లు రాకముందు కంపోజిటర్ దాని ముందు నిలబడి, ఒక్కో గడిలోంచి ఒక్కో అక్షరం ఏరి వరసలు పేర్చేవాడు. ఏ అక్షరం ఏ గడిలో ఉండాలో పద్ధతి ఉంది గాని, పనివాడు ముదిరేకొద్దీ తన చేతి వాటానికి గళ్లు మార్చుకుంటాడు. అందుకే పాత ప్రెస్సుల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరి కేసు మీద ఇంకొకరు చెయ్యి పెట్టరు. మనిషి సెలవు పెడితే కేసు మీద పాత గుడ్డ కప్పి ఉంచుతారు. యజమాని కూడా ఆ గుడ్డ ఎత్తడు.

కోటేశ్వరమ్మగారు అలాంటి ప్రెస్సులో పదేళ్లు నిలబడి పనిచేసి మా దగ్గరికి వచ్చారు. రోజూ కంకిపాడు నుంచి బస్సు. చిన్న ప్రెస్సుల్లో అన్ని పనులూ అందరూ చేయాలి గనక ఆవిడ కాలితో తొక్కి అచ్చువేసే ట్రెడిల్ మిషన్ కూడా నడిపేవారు. అందులో కుడిచెయ్యి పడింది. చూపుడువేలూ మధ్యవేలూ ఇక వంగవు. అయినా లెక్కల పేజీ కంపోజింగ్‌లో మా సంస్థలో ఆవిడ్ని మించినవాళ్లు లేరు.

ఎలా కొడుతున్నారని నేనెప్పుడూ అడగలేదు. ఆరేళ్లు పక్కగదిలో కూర్చుని ఒక్కసారి ఆవిడ స్టార్టప్ ఫైలు తెరిచి చూడలేదు. ఎడిటర్‌తో వచ్చిన పుస్తకంలోని ఉదాహరణలు చూసి, ఒక్కో లైను తనే రాసుకుని, కుడిచేతి రెండు వేళ్లు చేయాల్సిన పనంతా ఎడమచేతికీ కుడి బొటనవేలికీ పంచిపెట్టుకున్నారు. ఆ ఫైలే ఆవిడ కొత్త కేసు.

నేను చేసిన ఘనకార్యం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేనొక ప్యాకేజీ రాశాను. తెలుగు కీబోర్డూ లెక్కల గుర్తులూ కలిపిన యాడ్-ఆన్. అద్భుతమైన ప్యాకేజీ. హైదరాబాదులో కూడా అలాంటిది లేదు. సరే, ఉంది. మంచిదే ఉంది. కానీ నాది నాది కదా.

దాన్ని అందరి మెషిన్లలో వేయాలి. ఒక్కొక్కరి ఫైలు ఒక్కో రకంగా ఉంటే రేపు ఫోను చేసి నన్నే విసిగిస్తారు. అందరిదీ ఒకేలా ఉంటే నాకు సుఖం. అందుకని ప్యాకేజీ ఎక్కేటప్పుడు మెషిన్‌లో ఉన్న ప్రతి స్టార్టప్ ఫైలునూ తీసేసి, ఆ చోట నా ఫైలు పెట్టేలా రాశాను. పాతదాని కాపీ దాచాలన్న ఆలోచన కూడా రాలేదు. పొరపాటున జరిగిందని చెప్పుకోవచ్చు, నమ్ముతారు కూడా. పొరపాటు కాదు. తెలిసే రాశాను, నా సుఖం కోసం. ఆదివారం ఎవరూ లేనప్పుడు వెళ్లి అన్ని మెషిన్లలో ఎక్కించాను. రామ్మోహనరావుగారు మురిసిపోయి, అదే వారం గుంటూరులో ఒక ప్రెస్సుకీ తెనాలిలో ఒక ప్రెస్సుకీ కూడా ఆ సీడీ పంపించారు.

సోమవారం పొద్దున కోటేశ్వరమ్మగారు కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు కొట్టి ఆగిపోయారు.

"నా కేసు ఎవరు కదిపారండీ?" అన్నారు గది మొత్తానికి వినపడేలా.

"కొత్త ప్యాకేజీ అండీ. రెండ్రోజులు కష్టంగా ఉంటుంది, అలవాటైపోతుంది" అన్నాను.

"నా కీలు ఏవండీ?"

"ఇవి ఇంకా మంచివండీ. అందరికీ ఒకటే పద్ధతి."

ఆవిడ కుడిచెయ్యి ఎత్తి చూపించారు. "నా చెయ్యి అందరి చెయ్యి కాదు కదండీ, ప్రసాదుగారూ" అన్నారు.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

తొమ్మిది రోజులు

నా ప్యాకేజీలో భిన్నానికీ వర్గమూలానికీ సమాకలనానికీ అన్నిటికీ కుడి చూపుడువేలే. ఆవిడకి ఒక్కో పేజీకి ఒక పూట పట్టడం మొదలైంది. పరీక్షల ముందు, పుస్తకం గడువు మీదుంది. రెండో రోజే నేను ఆవిడ ఫైలు ఉన్న చోట చూశాను. అక్కడ నా ఫైలుంది. ఆవిడ చెయ్యి ఎందుకు సాగడం లేదో నాకు ఆ క్షణమే అర్థమైంది. నోరు మూసుకున్నాను. ఎందుకంటే యజమాని పొగుడుతున్నారు, వారం తిరక్కుండానే తెనాలివాళ్లు కూడా బాగుందని ఫోను చేశారు. నా వస్తువులో లోపముందని నేనెందుకు చెప్పాలి?

ఎనిమిదో రోజు రామ్మోహనరావుగారు నన్ను పిలిచారు.

"ఏవయ్యా ప్రసాదూ, కోటేశ్వరమ్మ పని అయిపోయినట్టుందే. ఏవంటావ్?"

"వయసండీ. చెయ్యి కూడా అలాంటిది కదా" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇక్కడ ఎవరి మీదా తోయను.

"శనివారం దాకా చూద్దాం. తర్వాత కింద బైండింగ్‌లో ఫారాలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెడదాం. పాపం, పంపించెయ్యలేం కదా" అన్నారాయన, జాలి చూపిస్తున్నాననుకుని. వంగని రెండు వేళ్లతో రోజంతా కాగితాలు మడిచే పని! ఆవిడ సంగతి తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది: ఆ బల్ల దగ్గర వారం తిరక్కుండా ఆవిడే మానేస్తారు.

తొమ్మిదో రోజు నాలో మనిషి మేలుకున్నాడు. నేరుగా యజమాని గదిలోకి నడిచి, "తప్పు నాది, ఆవిడది కాదు" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాను.

చెప్పాను గాని, నడిచి వెళ్లలేదు. తీసుకెళ్లారు. ఆ పొద్దున కోటేశ్వరమ్మగారు నా గది గుమ్మంలో నిలబడ్డారు.

"శనివారం సాయంత్రం నా చెయ్యి బాగానే ఉందండీ. సోమవారం పొద్దున బాగాలేదు. మధ్యలో ఆదివారం మీరొచ్చారని వాచ్‌మన్ చెప్పాడు. వయసని అయ్యగారు అంటున్నారు, ఒక్కరోజులో మీద పడుతుందా అండీ?"

నేను కుర్చీలోంచి లేచాను.

"నా ఫైలు ఇచ్చెయ్యండి."

"లేదండీ."

"లేదంటే?"

"చెరిపేశాను."

ఆవిడ అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. "పదండి, అయ్యగారితో ఆ ముక్క చెబుదురుగాని" అన్నారంతే. ముందు నేనూ, వెనక ఆవిడా. నేను మాట మింగినప్పుడల్లా వెనకనుంచి దగ్గు వినపడేది.

రామ్మోహనరావుగారు అంతా విన్నారు. "నీకు జీతమిచ్చేది పని సాగించడానికయ్యా, పనివాళ్ల చేతులు విరగ్గొట్టడానికి కాదు. శనివారం లోపల ఆవిడ కీలు ఆవిడకి రాకపోతే ఫారాలు నువ్వు మడుద్దువు గాని" అన్నారు. నేను ఎవరెవరి కింద పనిచేశానో ఆ పెద్దమనుషులందరిలో నాకు సరైన మాట చెప్పింది ఆయనొక్కరే.

వేళ్లకి తెలుసు

మూడు రోజులుంది. ఫైలు లేదు. "ఏ కీకి ఏముండేదో చెప్పండి, రాసుకుంటాను" అన్నాను, కాగితం తీసి.

ఆవిడ ఆలోచించారు. "చెప్పలేనండీ. నాకు తెలియదు. వేళ్లకి తెలుసు."

అప్పుడావిడే మార్గం చెప్పారు. ఆవిడ లోగడ కంపోజ్ చేసిన గైడులోంచి పాత పేజీ ఒకటి ముందు పెట్టుకున్నారు. "తెర ఆపేయండి. చూస్తే చెయ్యి తడబడుతుంది" అన్నారు. తెర ఆపి, నొక్కిన ప్రతి కీనీ రాసిపెట్టుకునే చిన్న ప్రోగ్రాము నేను వెనక నడిపాను. ఆవిడ ఆ పేజీని పాత అలవాటు ప్రకారం కొట్టుకుంటూ పోయారు. కంప్యూటర్లోకి అర్థంలేని అక్షరాల చెత్త చేరింది. ఒక పక్క ఆ చెత్తా, ఇంకోపక్క అచ్చయిన పేజీ పెట్టుకుని చూస్తే, భిన్నమున్న చోటల్లా ఎడమ చిటికెనవేలి కీ రెండుసార్లు పడింది. వర్గమూలమున్న చోటల్లా కుడి బొటనవేలూ, వెంటనే ఎడమ ఉంగరపువేలూ. ఒక్కచోట తప్పలేదు. పేజీ తర్వాత పేజీ అలా పోల్చుకుంటూ, ఆవిడ ఫైలు మళ్లీ లైను లైనుగా రాశాను.

రాస్తున్నకొద్దీ సిగ్గేసింది. ఎక్కువ వాడే గుర్తులు దగ్గర్లో ఉన్నాయి, తక్కువ వాడేవి దూరంగా. ఒకే వేలు వరసగా రెండు పనులు చేయాల్సిన అవసరం ఎక్కడా లేదు. నేను గొప్పగా చెప్పుకున్న ప్యాకేజీ కంటే అది మంచి ఇంజనీరింగ్.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ తెర ఆన్ చేసి కూర్చుని ఒక పేజీ కొట్టారు. మధ్యలో రెండుచోట్ల ఆగి, "ఇది కాదండీ, ఇంకొంచెం ఎడంగా" అన్నారు. దిద్దాను. ఆ తర్వాత ఆగలేదు. శనివారం ఆ కుర్చీలోనే ఉన్నారు, ఆ తర్వాత ఏళ్ల తరబడీ ఆ కుర్చీలోనే ఉన్నారు.

"దీనికి తాళం వెయ్యండి. మీకు కూడా తెరుచుకోకూడదు" అన్నారు.

"నాకు తెరుచుకుంటుందండీ. అడ్మినిస్ట్రేటర్‌కి తాళం ఉండదు."

"అయితే మీకు బుద్ధే ఉండాలన్నమాట" అన్నారావిడ.

ఇక తిట్లు

యాడ్-ఆన్‌లు రాసే మహానుభావులారా, వాడేవాడి స్టార్టప్ ఫైలు మీది కాదు. దాంట్లో ఒక్క లైను కూడా రాయకండి. చివర్న చిన్న లైనే కదా అనకండి. నా లైన్లు కూడా చిన్నవే.

అందరికీ వర్తించాల్సిన మాట ఏదైనా ఉంటే, ఎడిటర్‌కి ఒక ఉమ్మడి ఫోల్డరు ఉంటుంది. ప్రతి ప్యాకేజీ తన చిన్న ఫైలు తన పేరుతో అందులో పెట్టుకోవాలి. పేరు ముందు ఒక అంకె పెడితే ఎవరి తర్వాత ఎవరో గొడవ ఉండదు. ఎడిటర్ ముందు అవన్నీ చదివి, ఆఖర్న మనిషి సొంత ఫైలు చదవాలి. ఆఖరి మాట మనిషిది. ఈ వరస తిరగబడిందా, ఇక మీరెంత గొప్ప ప్రోగ్రాము రాసినా అది దౌర్జన్యమే.

మీ చిన్న ఫైలు మొదటి పని, తన ప్రోగ్రాము అసలు డిస్కు మీద ఉందో లేదో చూసుకోవడం. తీసేసి ఉంటే నోరెత్తకుండా తప్పుకోవాలి. మొన్న మా ఇంట్లో ఎర్రక్షరాల ఏడుపు ఈ బుద్ధి లేకే. ఉంటే మాత్రం? ఎడిటర్ తెరుచుకునేటప్పుడే మీ సరంజామా అంతా మోసుకొచ్చి నడిమధ్య కుమ్మరించకండి. ఎక్కడున్నారో చెప్పి ఊరుకోండి, పిలిచినప్పుడు రండి. ఆ ఫైలును అక్కడి అడ్మినిస్ట్రేటర్ తన అవసరానికి దిద్దుకుని ఉంటే, కొత్త వెర్షను వచ్చిందని దాన్ని తుడిచేయకండి. అడగండి. మనుషులు తమ సొంతానికి వాడుకోవడానికని వదిలిపెట్టిన కీలు కొన్ని ఉంటాయి. వాటి జోలికి పోకండి. మీరు పోవాల్సి వస్తే మీవన్నీ ఎత్తుకుపోండి.

"యూజర్‌కి అలవాటైపోతుంది" అనే మాట మీ నోట్లోంచి ఎప్పుడొస్తుందో, అప్పుడు మీరు ఎవరి చెయ్యో చూడకుండా మాట్లాడుతున్నారని అర్థం.

తెనాలి

కీలు దొరికిన శుక్రవారమే కోటేశ్వరమ్మగారు అడిగారు. "ఆ సీడీ ఇంకెవరికి పంపారండీ?"

చెప్పాను.

"వెళ్లి చూసి రండి. అక్కడ నాలాంటోళ్లెవరున్నారో."

గుంటూరులో ఇంకా సీడీ కవరు కూడా విప్పలేదు. తెనాలిలో విప్పారు. మేనేజరు నన్ను చూసి సంబరపడిపోయాడు. "కుర్రాళ్లంతా ఎగబడి నేర్చుకున్నారండీ. నాగభూషణంగారని ఒక్క పెద్దాయన మాత్రం అందుకోలేకపోయాడు. పాత సీసం రోజులవాడు. తనే మానేశాడు పాపం, మొన్న గురువారం."

నాగభూషణంగారి ఫైలు ఉండాల్సిన చోట నా ఫైలుంది. ఆ కుర్చీలో అప్పటికే వేరే మనిషి ఉన్నాడు.

దుగ్గిరాల వైపు ఒక ఊళ్లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ప్యాకేజీ రాసిన ఇంజనీరుగారు ఇంటికొచ్చారని ఆయన కుర్చీ తుడిచి వేశారు. మజ్జిగ ఇప్పించారు. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ చెప్పారు.

"ముప్పయ్యేళ్లలో అక్షరం తప్పలేదండీ. ఆ వారంలో ఏమైందో, వేళ్లు మాట వినడం మానేశాయి. డాక్టరుకి కూడా చూపించుకున్నానండీ. ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోవడమేంటండీ, ఒకటి నొక్కితే ఒకటి పడుతుంటే!"

నేనాయనకి జరిగిందంతా చెప్పాను. క్షమించమన్నాను. తిరిగొచ్చి కోటేశ్వరమ్మగారితో కూడా అదే అన్నాను: "చెప్పొచ్చానండీ. పెద్దమనిషి, నవ్వేశారు." ఆవిడ తలూపి పనిలో పడ్డారు. ఆవిడ రిటైరయ్యే దాకా అదే నిజమనుకున్నారు. ఇన్నేళ్లుగా ఎవరడిగినా ఇలాగే చెబుతూ వచ్చాను.

చెప్పలేదు. మజ్జిగ తాగాను. "వయసు కదండీ, మామూలే" అన్నాను. బస్సుకి టైమైందని లేచి వచ్చేశాను.

నాగభూషణంగారూ, మీరిప్పుడు ఉన్నారో లేరో నాకు తెలియదు. ఉంటే, ఎవరైనా ఇది మీకు చదివి వినిపిస్తే బాగుండును. మీ వేళ్లకి ఏమీ కాలేదు. డాక్టరు సరిగ్గానే చెప్పాడు. ఆ వారమంతా కూడా అవి నొక్కాల్సిన కీలే నొక్కాయి. వాటి వెనక ఉన్నది నేను మార్చాను.